బుల్లి కౌంటరులో నా నేతి డబ్బా

ఉగాది వెళ్ళిన రెండో ఆదివారం, పగలు పదకొండూ పదికి మొదలైంది ఇదంతా. ఆ రోజుల్లో నేనింకా కుర్రదాన్ని. అరవై ఆరేళ్ళు, మోకాళ్ళు రెండూ పుట్టుకతో వచ్చినవే ఉండేవి. (ఇప్పుడున్నవి ఆస్పత్రివాళ్ళు వేసినవి.) ఆ వయసులో మనిషికి తనకు తెలియనిది లేదనిపిస్తుంది, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషికి మరీను. అందుకే మా అక్క కూతురు బుల్లి, గుంటూరులో కొత్తగా తెరిచిన ఫుడ్ హాలులో వీగన్ కౌంటరు పెడుతున్నానని, పాలు, పెరుగు, నెయ్యి, తేనె ఏవీ తగలని భోజనమని చెప్పినప్పుడు అంతా అర్థమైనట్టే తలూపాను. పాపం, ఉన్న ఉద్యోగం మానుకుని దిగింది. హాలు యజమాని ఒక్క ఆదివారం చూస్తానన్నాడు. మూడు గంటలకు తను వచ్చేసరికి గిన్నెలు ఖాళీ అయితే చోటు బుల్లిది, లేకపోతే పక్కనున్న కోడి పకోడీ వాళ్ళది. "నీ చెయ్యి మంచిది పిన్నీ, బోణీ నువ్వే చెయ్యాలి" అంది. బోణీకి పిలిస్తే కాదంటామా?

వెళ్ళాను, డబ్బిచ్చి బోణీ చేశాను, కౌంటరు ఎదుటి బల్ల దగ్గరే కూర్చున్నాను. కందిపొడి అన్నం, గోంగూర పచ్చడి, పనసకాయ కూర, పల్లీలు రుబ్బి తోడేసిన పెరుగు. హాలంతా జనమే గానీ అందరూ పకోడీ వైపే నిలబడ్డారు. వేడన్నంలో కందిపొడి కనపడగానే నా చెయ్యి నన్నడక్కుండానే సంచిలోకి పోయింది. నేతి డబ్బా లేకుండా నేను గడప దాటి ఎరగను (పెళ్ళిళ్ళలో వడ్డించే నెయ్యి మీద నాకు మొదట్నించీ అనుమానమే). ఇంట్లో వెన్న కాచి, మునగాకు వేసి దించిన నెయ్యి. డబ్బాలోని వెండి చెంచాతో రెండుసార్లు వేసి కలిపేసరికి ఆ వాసన పకోడీ వాసనను తోసుకుంటూ వెళ్ళింది.

పక్క బల్ల దగ్గరి పెద్దమనిషి ముందుగా ఇటు తిరిగాడు. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారి. ఫోనులో ఎవరినో తిడుతున్నవాడు తిట్టు మధ్యలోనే ఆగిపోయాడు.

"అమ్మగారూ, అదెక్కడ అమ్ముతున్నారండీ?"

"అన్నం అక్కడ, నెయ్యి ఇక్కడ" అన్నాను. అదే నేను చేసిన తప్పు.

ఆయన ప్లేటు తెచ్చుకున్నాడు. వెనకే ఆయన స్నేహితుడూ, ఇంకొకరూ. కాసేపటికి బుల్లి ముందు వరసా, నా ముందు వరసా. వ్యాపారి డబ్బా తన చేతిలోకి తీసుకుని, మా బల్ల చివర ఒంటరిగా తింటున్న ఒకమ్మాయి వైపు చెంచా చాపాడు. "తినమ్మా, ఎండుకుపోయావు!"

ఆ అమ్మాయి ప్లేటు మీద రెండు చేతులూ అడ్డం పెట్టి లేచింది. తుళ్లూరు వైపు కడుతున్న భవనాల్లో ఇంజనీరట. అసలు సిసలు వీగన్. "ఇక్కడైతే భయపడకుండా తినొచ్చని ఇంత దూరం వచ్చాను మేడమ్" అంది బుల్లితో.

బుల్లి గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. "పిన్నీ! నెయ్యి తగలకూడదని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?"

"వంటలో తగలకూడదన్నావు. తినేటప్పుడు కూడానా?"

"ఏరా, పిల్లనెందుకు ఏడిపిస్తావు, కూర్చోనివ్వు!" అని వ్యాపారి తన స్నేహితుడి మీద అరిచాడు, చెంచా మాత్రం వదల్లేదు.

బుల్లి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు బుర్ర పనిచేసింది నాకు. ఆ ఇంజనీరమ్మాయికి క్షమాపణ చెప్పి, నా బల్ల సబ్బుతో కడిగించి, డబ్బా లాక్కుని హాలు అవతలి మూల చేతులు కడిగే చోటికి మకాం మార్చాను. "బుల్లి దగ్గర ప్లేటు కొన్నవాళ్ళకే చుక్క. ఈ మూల దాటి నెయ్యి అటు పోయిందో, డబ్బా మూసేస్తా!" పదో తరగతి పిల్లల్లా వరసలో వచ్చారు అందరూ.

మూడింటికి యజమాని వచ్చి ఖాళీ గిన్నెల్లోకి తొంగి చూశాడు. "మన గుంటూరోళ్ళు వీగన్‌ని ఇంతగా తింటారనుకోలేదమ్మా" అన్నాడు. దూరంగా వ్యాపారి వేళ్ళు నాకుతున్నాడు. నేను గోడ మీది బల్లిని చూస్తూ నిలబడ్డాను.

ఆయన వెళ్ళాక బుల్లి అడుగంటిన అన్నం గోకి తెచ్చుకుని నా మూలకే వచ్చింది. పొద్దుట్నించీ ఏమీ తినలేదు. అటూ ఇటూ చూసి, "డబ్బాలో ఏమన్నా మిగిలిందా పిన్నీ?" అంది మెల్లగా. బోర్లించి చూపించాను. చుక్క రాలలేదు.

మర్నాడే 'బయటి నెయ్యి తేరాదు' అని బోర్డు పెట్టింది. అక్షరాలు చూస్తే నా ఒక్కదాని కోసమే రాయించినట్టున్నాయి. ఇప్పుడు డాక్టరు కూడా అదే మాటన్నాడు కనక ఆదివారాలు వెళ్ళి బుద్ధిగా నువ్వులనూనెతో కందిపొడి తింటున్నాను. బాగానే ఉంటుంది. ఆ మాట పైకి మాత్రం అనను. అరవై ఆరేళ్ళ ఆ పొగరుమోతు పిల్ల ఎక్కడన్నా విని నవ్వుతుందేమోనని.

మొత్తం మీద పోయినవి: అరకిలో నెయ్యి, వ్యాపారి జేబులో వెళ్ళిపోయిన వెండి చెంచా, నా రెండు మోకాళ్ళు.