అగరబత్తి వెలిగించని ఇల్లు

సార్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను కుప్పం బస్టాండులో ఉన్నాను. ఏడుపు రాలేదు. పట్టుపురుగులకు పొద్దున మల్బరీ ఆకు ఎవరేశారోనన్న దిగులు ముందొచ్చింది. సార్‌ను ఎరిగినవాళ్లు నన్ను తప్పుగా అనుకోరు.

బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యాక, పుంగనూరులో అద్దెకున్న ఇంటి ముందుగదిని ఆయన పిల్లలకు వదిలేశారు. ఆదివారం ఎవరైనా రావచ్చు. మనిషి ప్రకృతిని ఏం చేశాడో చెప్పడానికి ఆయన పెట్టుకున్న పాఠం పట్టుపురుగు ఒక్కటే. మా పల్లెల్లో తెలియని పురుగేం కాదు. రైతులు గూళ్లను మార్కెట్టుకు తోలేస్తారు, ఆ తర్వాత వేడినీళ్లలో లోపలి ప్రాణం పోతుంది. సార్ మాత్రం గూళ్లను అలాగే ఉంచి, రెక్కల పురుగు బయటికొచ్చేదాకా మమ్మల్ని కూర్చోబెట్టేవారు. రెక్కలుండీ అది ఎగరలేదు.

"ఏండ్లకేండ్లు మనం సాకినాం గదప్పా, ఎగిరేది మర్సిపోయినాది. మనం సేసింది మనం మర్సిపోకూడదు," అనేవారు. ఇప్పుడు నేనూ టీచర్‌నే, నా క్లాసులో అదే చెబుతున్నాను.

పురుగులకు వాసనలు పడవని, పౌడర్ పూసుకొచ్చిన పిల్లల్ని గుమ్మంలోనే ఆపి మొహం కడుక్కోమనేవారు. పెళ్లిరోజున కూడా ఈయన సెంటు పూసుకోనియ్యలేదని సార్ భార్య వెక్కిరించేది. ఆమెను మేమంతా అమ్మా అనే పిలుస్తాం.

నేను చేరేసరికి ఆయన్ను మదనపల్లె ఆసుపత్రి నుంచి తెచ్చి ఇంటి వరండాలో పడుకోబెట్టారు. తలదగ్గర అగరబత్తి కట్ట, కర్పూరం. పొగంతా పురుగుల గది కిటికీలోకి పోతోంది. పురుగులు నాలుగో జ్వరం లేచి, అంటే నాలుగోసారి పొర విడిచి, ఆవురావురుమని మేసే రోజులవి. పొగ తగిలితే మేత మానేస్తాయి. చావింట్లో అగరబత్తి ఆర్పమని ఏ నోటితో అడగను? తువ్వాలు కిటికీకి అడ్డం పట్టుకుని చెమటలు కక్కుతూ నిలబడ్డాను.

అమ్మ తలెత్తి నన్ను చూసింది.

"ఆ పొగ ఆర్పేయండప్పా. గదిలో పురుగులుండాయి," అంది.

పొగ లేకుండా ఎట్లా సాగనంపేదని ఒక పెద్దాయన గొణిగాడు.

"మీ సారుకు ఇదంతా యాల? వాటికి ఆకు కావాల."

దీపం ఒక్కటి ఉంచి, తక్కినవి ఆర్పేశారు. అప్పుడు ఏడ్చాను.

నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయాలి, అమ్మ మదనపల్లెలో తన తమ్ముడింటికి వెళ్లిపోవాలి. అంతలోపు ఇవి గూళ్లు కడతాయా, బయటికొస్తాయా? సెలవు పెట్టి పెద్దపంజాణి తోటల నుంచి ఆకు మోసుకొచ్చాను. రాత్రి నిద్ర పట్టేది కాదు. పురుగులు పండి, మేత మాని గూళ్లు కట్టాక ఇంకో భయం పట్టుకుంది. ఈ గది మూసేశాక ఈ ఊరి పిల్లలకు పురుగును చూపించి సార్ మాట ఎవరు చెబుతారు? ఆ భయం ఇంకా పోలేదు.

ఖాళీ చేసే రోజు పొద్దున్నే గూళ్లు తొలుచుకుని రెక్కల పురుగులు బయటికొచ్చాయి. సామాను ఆటో ఎక్కింది. అద్దెకిచ్చిన ఇంటాయన తాళం పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. అమ్మ వాటిని చేట్లోంచి ఒక్కొక్కటే తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. అవి ఎగరవని ఆమెకు తెలుసు. అయినా కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది.

"ఇంకొంచేపు ఉండప్పా," అంది ఇంటాయనతో.

గట్టు మీద అవి ఉన్నచోటనే రెక్కలు కొట్టుకుంటూ ఉన్నాయి.