హైవే అవతలి తరగతులు

మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలను ఇకపై హైస్కూలుకు పంపాలన్న ఉత్తర్వు ఫోనులో వచ్చేసరికి, మా బడి వరండాలో పిల్లలు మధ్యాహ్నం అన్నం తింటున్నారు. దేశమంతటికీ కొత్త విద్యా విధానం వచ్చిందనీ, ఈ మార్పు దాని ప్రకారమేననీ అందులో ఉంది. చిన్నపిల్లలకు కూడా సబ్జెక్టుకో టీచరు ఉంటారట. ఆ మాట నాకు నచ్చింది. ఒకే గదిలో మూడు తరగతులకు పాఠం చెప్పినదాన్ని, దాని విలువ నాకు తెలుసు. కాని మా బడి ఉన్న పల్లె చిల్లకల్లు దగ్గర హైవేకు ఇవతల. హైస్కూలు అవతల.

మా పిల్లల తల్లులు చాలామంది కూలికి వెళ్ళేవాళ్ళు. పొద్దున్నే ట్రాక్టరు వచ్చి వాళ్ళను వత్సవాయి వైపు పత్తి చేలకు తీసుకుపోతుంది. పిల్లలు బడికి బయలుదేరే వేళకు ఇళ్ళలో పెద్దవాళ్ళుండరు. లారీలు దూసుకుపోయే రోడ్డును ఎనిమిదేళ్ళ పిల్ల చేత ఎవరు దాటిస్తారు? కాస్త ఉన్నవాళ్ళు జగ్గయ్యపేట ప్రైవేటు స్కూలు బస్సు ఎక్కిస్తారు. లేనివాళ్ళు ఆడపిల్లను చంటిబిడ్డకు కాపలా పెట్టి ఇంట్లో ఉంచేస్తారు. నా భయమల్లా అదే. మా అమ్మ మిరపకాయల కోతకు వెళ్తూ నన్ను చదివించింది. నన్ను ఇంట్లో ఆపేయడానికి ఆమెకూ కారణాలు చాలానే ఉండేవి.

ఆ ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక తల్లులను అక్కడే ఉండమన్నాను. రామాలయం వైపు ఇళ్ళవాళ్ళు కూడా వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. ముందుగా ఒకామె లేచింది. ఆమె కూతురు ఐదో తరగతిలోకి వచ్చింది, మా బడిలో ఎక్కాలు అందరికన్నా వేగంగా చెప్పే పిల్ల.

"చదివింది చాల్లెండి టీచరుగారూ. దీన్ని రోడ్డు మీదకి పంపి, నేను చేలో ప్రాణం బిగబట్టుకుని ఉండలేను" అంది.

"నేను దాటిస్తానమ్మా" అన్నాను.

కూలీల ముఠాను నడిపే మేస్త్రమ్మ నా వైపు చూసింది. "మీరు రోడ్డు మీదుంటే ఇక్కడ ఒకటీ రెండూ తరగతులోళ్ళని ఎవరు చూస్తారండి?"

ఆమే ఆడవాళ్ళ వైపు తిరిగింది. "రోజుకొకళ్ళం ఆగిపోదాం. ఆగినామె పొద్దున పిల్లల్ని దాటించి, సాయంత్రం తీసుకొస్తది. చేలో ఆమె వంతు సాలు మిగతావాళ్ళం చేద్దాం. కూలి మాత్రం అందరితో సమానమే."

"రైతు ఒప్పుకుంటాడా?" అని ఎవరో అడిగారు.

"మనది గుత్త పనేగా. పనైతే చాలు ఆయనకి. ఎవరు చేశారో ఆయనకెందుకు?"

మర్నాటి నుంచే మొదలైంది. పిల్లలు ట్రాక్టరు తాడు పట్టుకుని వరసగా నిలబడేవాళ్ళు. ఆ రోజు వంతు వచ్చినామె ఎర్రచీర ముక్క కట్టిన కర్ర ఎత్తి పట్టుకుని ముందు నడిచేది. లారీ డ్రైవర్లు కొందరు ఆపేవాళ్ళు, కొందరు తిట్టేవాళ్ళు. మా వాళ్ళు తిరిగి తిట్టేవాళ్ళు.

అవతల హైస్కూల్లో ఇంకో ఇబ్బంది. అక్కడి బెంచీల మీద మా పిల్లల కాళ్ళు నేలకు అందేవి కావు. పదో తరగతికి లెక్కలు చెప్పే మాస్టారు ఒకరోజు మొహమాటంగా అడిగారు. "మేడమ్, తీసివేతలో అప్పు తెచ్చుకోవడం ఇంత చిన్నపిల్లలకి ఎలా చెప్పాలో తెలియట్లేదండి." శనివారం సాయంత్రాలు చీపురుపుల్లల కట్టలు పట్టుకుని వెళ్ళి, ఆయనతో కలిసి పాఠం చెప్పాను. తర్వాత్తర్వాత ఐదో తరగతికి ఆయన భిన్నాలు చెబుతుంటే వినడానికి నేనే వెనక బెంచీలో కూర్చున్నాను. అంత బాగా చెప్పేవారు.

వానాకాలంలో పై అధికారి ఒకాయన హైస్కూలు చూడటానికి వచ్చారు. "సాయంత్రం దాకా ఉండండి సార్, మా పిల్లలతో ఒక్కసారి రోడ్డు దాటండి" అని అడిగాను. ఆయన ఉన్నారు. ఎక్కాల పిల్ల ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఆగండి సార్, ఇప్పుడు కాదు... ఆ, ఇప్పుడు రండి" అంటూ నడిపించింది. ఇవతలికి వచ్చాక ఆయన వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూశారు.

"ఉత్తర్వు మార్చడం నా చేతిలో లేదమ్మా. చూసింది చూసినట్టు పైకి రాస్తా" అన్నారు.

ఆ ఏడాది ఏమీ మారలేదు. మరుసటి ఏడాది హైస్కూల్లో గదులు చాలక, ఆ మూడు తరగతులను మా భవనంలోనే నడుపుకోమన్నారు. కొన్నాళ్ళకు నిబంధనలే మారి, అవి మళ్ళీ మా బడి తరగతులయ్యాయి. మా మాట ఎంత దూరం వెళ్ళిందో నాకు తెలియదు. ఎక్కాల పిల్ల మాత్రం ఇప్పుడు అదే హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది.

మొన్నామధ్య నందిగామలో టీచర్ల శిక్షణ జరిగింది. తరగతులు తరలించినప్పుడు ఎవరి బడిలో ఎంతమంది పిల్లలు చదువు మానేశారో చెప్పమన్నారు. ఒక్కొక్కరూ లేచి చెబుతున్నారు. నా వంతు వచ్చింది.

"మా బడిలో ఒక్కరు కూడా మానలేదండి" అన్నాను.

ఎలాగని అడిగారు. తాడు సంగతి, పంచుకున్న సాళ్ళ సంగతి చెప్పాను. హాలంతా చప్పట్లు. నేను కూర్చున్నాను.

బస్టాండుకు రాగానే మేస్త్రమ్మకు ఫోన్ చేశాను. చేలో ఉంది.

"అక్కా, ఇందాక మీటింగులో మన సంగతి చెప్పా. అందరూ చప్పట్లు కొట్టారు."

"ఎవరికండీ?"

"మీకే."

ఆమె ఫోన్ పక్కకు పెట్టకుండానే చేలోకి కేకేసింది. "ఏమేవ్, నందిగామలో మనకి చప్పట్లు కొట్టారంట!"

ఒకామె ఏదో అంది, నాకు సరిగా వినపడలేదు. తర్వాత అందరూ నవ్వారు. నేనెక్కాల్సిన జగ్గయ్యపేట బస్సు వచ్చింది. దాన్ని పోనిచ్చి, ఇంకాసేపు అక్కడే నిలబడి మాట్లాడాను.