అత్తమ్మకు జ్వరం లేదని రాసుకున్న ఆరు రోజులు

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలం. మునగాల దగ్గరి మా ఊళ్లో నేను ఆశా కార్యకర్తను. ఇంటింటికీ తిరిగి జ్వరం చూడటం, ఉంటే గోలీలిచ్చి పేరు రాసుకోవడం నా పని. నుదుటికి చూపించే ఆ థర్మామీటరును ఊళ్లో అందరూ గన్ను అనేవారు. నన్ను చూడగానే సగంమంది తలుపులు దగ్గరికేసేవారు. జ్వరమని తేలితే సూర్యాపేట దవాఖానకు పట్టుకుపోతారని వాళ్ల భయం. ఒకాయనైతే తడి తువ్వాలుతో మొహం తుడుచుకొచ్చి, ఇగ చూసుకోమని నుదురు ముందుకు పెట్టాడు. నాకు ఒళ్లు మండింది. గన్నును మోసం చేస్తావు సరే, రేపు ఊపిరాడకపోతే ఎవరిని మోసం చేస్తావని వాడకట్టంతా వినేలా కడిగేశాను. నా నోరు అట్లాంటిది.

ఇంట్లో నేనూ, మా ఆయనా, డెబ్బై దాటిన మా అత్తమ్మ. ఊరంతా తిరిగేదాన్ని, ఆమెకు నా వల్లే అంటుకుంటుందేమోనని భయం. అందుకే రోజూ పొద్దున బయలుదేరే ముందు గన్ను మొదట ఆమె నుదుటికే పెట్టేదాన్ని. తొంభై ఏడు, తొంభై ఎనిమిది. హమ్మయ్య అనుకుని నోటుబుక్కులో రాసుకుని వెళ్లేదాన్ని. దగ్గు మొదలైతే కల్లంలో వడ్ల దుమ్ము పడలేదంది. అన్నం సగంలో వదిలేస్తే ఎండలకు సయించట్లేదంది. నాకు లోపల పీకుతూనే ఉంది. వేరేవాళ్ల ఇంట్లో అయితే ఆ దగ్గుకే పరీక్షకు పంపేదాన్ని. నా ఇంట్లో మాత్రం అంకెను నమ్ముకుని కూర్చున్నాను.

ఏడో రోజు పొద్దున గన్ను నూటరెండు చూపించింది. పాడైందేమోనని నా నుదుటికి పెట్టి చూసుకున్నాను, బాగానే ఉంది. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టాను. ఎనభై ఎనిమిది. తొంభై నాలుగుకు తగ్గితేనే దవాఖానకు పంపాలి. నిన్నటిదాకా లేని జ్వరం ఇంతగా ఎట్లా వచ్చిందని అడిగితే ఆమె తల దించుకుంది. అప్పుడు తట్టింది నాకు. గోలీల సంచి ఎప్పుడూ ఆమె మంచం పక్కనే గోడకు వేలాడుతుంది. ముందురోజు సాయంత్రం అందులోని జ్వరం గోలీలన్నీ పంచేశాను, ఈ పొద్దుటికి ఒక్కటీ మిగల్లేదు.

"ఇన్ని దినాలు గోలీలు ఏసుకున్నవా అత్తమ్మా?"

"పొద్దుగాల నువ్వు లేవకముందే ఒకటి ఏసుకుంటుంటి," అంది ఆయాసపడుతూ. "ఆశమ్మ ఇంట్లనే జరమున్నదంటే నీకు ఎవరు తలుపు తీస్తరు బిడ్డా?"

ఎంత తిట్టాలనిపించిందో అంత ఏడుపొచ్చింది. మా ఆయన అంబులెన్సుకు ఫోన్ చేశాడు. అందులో పోతుంటే సూర్యాపేట రోడ్డు మీద దాబాలన్నీ మూసి ఉన్నాయి. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి కాలిపోతోంది. ఈమెకేమన్నా అయితే నా చేతులారా చేసినట్టేనని, ఆరు రోజులు జ్వరం లేదని నేనే రాశానని, అదొక్కటే తలలో తిరిగింది.

దవాఖానలో డాక్టరు ఎన్ని రోజుల నుంచి జ్వరమని అడిగాడు. నోటుబుక్కు సంచిలోనే ఉంది, తీయలేకపోయాను. ఆశా కార్యకర్తవై ఉండి ఇంట్లో మనిషి జ్వరం తెలియదా అని ఆయన గొంతు పెంచాడు. నిజమే కదా.

స్ట్రెచర్ మీది నుంచి అత్తమ్మ చెయ్యి లేపింది.

"ఆరు దినాలు సారూ," అంది. మళ్లీ గాలి పీల్చుకుని, "ఆమెకు తెల్వది. ఆమెను ఏమనకు," అంది.

వెంటనే ఆక్సిజన్ మాస్కు పెట్టి లోపలికి తీసుకుపోయారు. పదకొండు రోజులకు బతికి ఇంటికొచ్చింది. దవాఖానకు తెచ్చిన ఆ పొద్దున ఆమెకు ఊపిరే అందట్లేదు. అందిన కాస్త ఊపిరీ నన్ను తిట్లు పడనీయకుండా కాపాడటానికే వాడుకుంది.