వెనుకకు ఎక్కిన ఫోర్డు

మా బాపు గుర్వయ్య నార్కట్‌పల్లి దగ్గరి గడీలో దొరసానుల ఎడ్లబండి, కచ్చురం తోలుతూ తోలుతూ కారు డ్రైవరయ్యాడు. దొరకు రెండు కార్లుండేవి. కొత్త షెవర్లేకు ఆరు సిలిండర్లు, కంకర రోడ్డెక్కితే దాన్ని అందుకునే బండి లేదు. పాత ఫోర్డుకు నాలుగే. అయితే అది తేలిక, దాని పొట్ట నేలకు చాలా ఎత్తు.

యుద్ధం నాటి ఒక వానాకాలం పొద్దున చిన్న దొరసానికి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది. "నాతోని గాదు, నల్లగొండ దవాఖానకు తీస్కపోండ్రి" అన్నది మంత్రసాని నాగులమ్మ.

దొర షెవర్లే తీయమన్నాడు.

"వాగు పారుతాంది దొరా. గా బండి నడుమల్నే ఆగుతది. ఫోర్డయితే దాటుతది," అన్నాడు బాపు, తల వంచుకునే.

"మరి గుట్ట? నీ డబ్బా ఎక్కుతదా?"

"ఎనకకు ఎక్కిస్త దొరా."

"నా కోడలికి ఏమన్నయితే నిన్ను గాడనే బొంద పెడ్త."

ఫోర్డు టాంకీ సీటు కింద ఉంటుంది. పెట్రోలు తనంతట తానే ఇంజనులోకి జారాలి. యుద్ధం కరువుకు టాంకీ అడుగంటింది. నిటారు ఎత్తును ముందుకు ఎక్కితే పెట్రోలు అందక ఇంజను ఆగిపోతుంది. వెనుకకు ఎక్కితే టాంకీ పైన, ఇంజను కింద.

దొరసానులకు ఘోషా. కారు చుట్టూ, డ్రైవరు వీపు వెనుక కూడా పర్దాలు కట్టారు. నాలుగో తరగతిలో బడి మాన్పించి గడీ పనిలో పెట్టిన నన్ను తోడు కూర్చోబెట్టారు.

వాగు దాటాం. గుట్ట మొదట్లో బాపు బండి వెనుక భాగాన్ని ఎత్తు వైపుకు తిప్పాడు. అప్పుడు తెలిసింది, వీపు వెనుక పర్దా వల్ల బాపుకు వెనుక దారి కనబడదని. పర్దా తీయడం మా చేతిలో లేదు.

"బిడ్డా, నువ్వే చూసి చెప్పాలె. గట్టిగ."

నేనెన్నడూ గొంతెత్తినదాన్ని కాదు. వెనుక పర్దా సందులోంచి చూశాను. నా ఎడమకు పెద్ద బండ, కుడికి లోయ. "ఎడమకు!" అన్నాను.

బండి లోయ వైపు జరిగింది.

"ఎవరి ఎడమనే?" అని అరిచాడు బాపు. బ్రేకు తొక్కినా చక్రాలు తడి రాళ్ల మీద జారుతున్నాయి. దొరసాని నా మోకాలు పట్టుకుని కేక పెట్టింది. ఏమనాలి? బాపు తోలిన కచ్చురం కాడి గుర్తొచ్చింది. చూసేవాడు ఎటు తిరిగినా ఎడమ ఎద్దు దాపటే, కుడి ఎద్దు ఎలపటే.

"ఎలపటకు బాపూ! ఎలపటకు!"

చక్రం అంచు వదిలి బండ వైపు తిరిగింది. "జర దాపట... చాలు... మళ్ల ఎలపట..."

"కారెక్కిస్తున్నవా, పొలం దున్నిస్తున్నవానే?" అన్నది దొరసాని పండ్లు బిగబట్టి. ఇంజను దగ్గుతున్నప్పుడల్లా ఆమె నా మోకాలిని ఇంకా గట్టిగా పట్టుకుంది. గుట్ట పైకి చేరేదాకా నేను అరుస్తూనే ఉన్నాను.

పొద్దు గూకకముందే నల్లగొండ దవాఖాన నర్సు బయటికొచ్చి తల్లీబిడ్డా బాగున్నారని చెప్పింది. బాపు ఫోర్డు పక్కన కూలబడ్డాడు.

"షెవర్లే అయితే గా గుట్టను ఆడుకుంట ఎక్కేది," అన్నాడు.

"వాగు దాటితే గద బాపూ," అన్నాను. గొంతు బొంగురుపోయి నా మాట నాకే వినబడలేదు.