రంగు పెట్టని గునుగు

పక్కింటి ఐలమ్మ తలకు రంగు వేసుకున్న రోజు భాగ్యలక్ష్మి ఇంట్లో పొయ్యి వెలగదు. కిటికీ మూసేసి, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని లోపలి గోడకు ఆనుకుని కూర్చుంటుంది. సాయంత్రానికి తలనొప్పి తగ్గితే అన్నం వండుతుంది. తగ్గకపోతే ఆమె భర్త రాజలింగం వచ్చేటప్పుడు దారిలో వడాపావ్ కట్టించుకుని వస్తాడు.

ఆమెకు నలభై నాలుగేళ్లు. పెళ్లయిన ఏడాదే జగిత్యాల దగ్గరి పల్లె నుంచి సూరత్ వచ్చింది. రాజలింగం పాండేసరాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. వాళ్లుండేది దగ్గర్లోనే, వడోద్‌లో, తెలుగువాళ్ల గల్లీలో. ఆ ఇంట్లోనే భాగ్యలక్ష్మి పదకొండేళ్లు చీరలకు రాళ్లు అంటించింది. ఒళ్లో చీర, పక్కన గమ్ము గిన్నె. గాలికి గమ్ము ఆరిపోతుందని ఫ్యాను ఆపేసి, తలుపు దగ్గరకు వేసి పనిచేసేది. మూడేళ్ల కిందట ఒక పొద్దున గిన్నె మూత తీయగానే గొంతు పట్టేసింది. మర్నాడూ అంతే. వారం చూసి రాళ్ల పని మానేసింది.

పని మానినా వాసనలు వదల్లేదు. గమ్ము తర్వాత ఫినాయిల్ పడలేదు, తర్వాత అగరొత్తి, ఆ తర్వాత బట్టల సబ్బు. పక్కవాళ్లకు తెలియనే తెలియని వాసన ఆమెకు సుత్తిదెబ్బలా తగులుతుంది. తల దిమ్మెక్కుతుంది, చెప్పబోయే మాట మధ్యలో మరిచిపోతుంది. డాక్టరు ముక్కు చూశాడు, ఎక్స్‌రే తీయించాడు, ఏ లోపమూ కనిపించలేదు. రసాయనాలు పడటం లేదని, దీనికి గోలీ లేదని, పడనివాటికి దూరంగా ఉండమని చెప్పాడు. రంగుల మిల్లుల పక్కన బతికే మనిషికి అది ఊరు విడిచిపొమ్మని చెప్పినట్టే. ఊరు విడిస్తే రాజలింగానికి పని లేదు.

అందుకని వాళ్లు వాసనలనే ఒక్కొక్కటిగా ఇంట్లోంచి పంపేశారు. రాజలింగం కార్ఖానా నల్లా కిందే స్నానం చేసి, చమురు మరకల చొక్కా అక్కడే వదిలి వస్తాడు. కాలేజీలో చదివే కూతురు అమూల్య తన సెంటు సీసాను స్నేహితురాలి సంచిలో దాస్తుంది. బట్టలకు కుంకుడు రసం, దేవుడికి ఒట్టి దీపం. రెండేళ్లుగా భాగ్యలక్ష్మి ఒక్క పెళ్లికి వెళ్లలేదు. గల్లీలో కొందరు పాపం అన్నారు, కొందరు నఖరాలు అన్నారు.

ఒక్కటి మాత్రం ఆమె మనసులోంచి పోలేదు. బతుకమ్మకు ఆ గల్లీలో పాట ఎత్తేది భాగ్యలక్ష్మే. పద్దెనిమిదేళ్లు ఆమె ఎత్తుకుంటే చుట్టూ తిరిగే ఆడవాళ్లు అందుకునేవాళ్లు. ఆమె రాని రెండేళ్లూ ఫోనులోని పాటలు స్పీకరుకు పెట్టారు. స్పీకరు ఎవరికోసమూ ఆగదు. ముసలివాళ్లు ఆయాసపడి నాలుగు చుట్లకే కూర్చుండిపోయారు. ఈ ఏడూ ఆమె రాకపోతే స్పీకరే ఖాయమని అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు.

పండుగ చివరి రోజైన సద్దుల బతుకమ్మ ఇంకా నాలుగు రోజులుందనగా ఐలమ్మ వచ్చి గడప అవతలే నిలబడింది.

"ఏమే భాగ్యా, ఈ ఏడన్న వస్తవా, లేకుంటె పాట ఆ డబ్బాకే అప్పజెప్పుమంటవా?"

"వచ్చినా నిలవడలేనక్కా. పోయినేడు మీ సెంట్లకు కిటికీ కాడనే కక్కుకున్న."

"సెంట్లు బందు పెట్టిస్త. ఊదుబత్తులు బందు, మల్లెనూనె బందు. ఇంకేంది?"

"నీ తలరంగు."

ఐలమ్మ కొంగు సర్దుకుంది. "పండుగపూట ముసల్దాని లెక్క కనవడుమంటవా?"

"ఉన్న మాటే కదా పెద్దమ్మా," అంది లోపలి నుంచి అమూల్య.

"నీ బిడ్డకు చదువు కన్న నోరెక్కువొచ్చిందే," అంది ఐలమ్మ. అయినా వెళ్లి పద్నాలుగు ఇళ్లకూ చెప్పింది. అందరూ సరేనన్నారు. ఒకావిడ మాత్రం, స్నానమన్నా చేయొచ్చా అని అడిగిందట.

పండుగ ముందురోజు రాజలింగం, ఇంకో ఇద్దరు మగవాళ్లు భేస్తాన్ దాటి పొలంగట్ల మీద తెల్లటి గునుగు పూలు కోసి మూటలు తెచ్చారు. మధ్యాహ్నం ఆడవాళ్లు గల్లీలో బకెట్లు పెట్టుకుని, పూలు ముంచడానికి వేడినీళ్లలో రంగు కలిపారు. ఆ రంగు మిల్లులో చీరలకు వేసేది. అది పట్టడానికి పోసే పుల్లటి మందు కూడా మిల్లుదే. మూడో బకెట్టు కలిపేసరికి కిటికీలో నిలబడ్డ భాగ్యలక్ష్మి గొంతు పట్టుకుని వంగిపోయింది.

ఐలమ్మ పరుగున వచ్చింది. "ఏమైందే? ఎవ్వలు సెంటు కొట్టలేదు గదా."

"ఆ రంగక్కా."

"రంగుకు వాసనేంది? మాకెవ్వలకు వస్తలేదు."

అమూల్య బయటికి వెళ్లి బకెట్టు మీదికి వంగి చూసింది. "మమ్మీ, థోడా వస్తుంది. పుల్లగా, సిర్కా లాగా."

భాగ్యలక్ష్మి నీళ్లు తాగింది. ఆ రంగును గల్లీకి తెచ్చింది ఆమే. మొదట్లో అందరూ కొట్లో దొరికే పొట్లాల రంగు వాడేవాళ్లు. పూలమీద వెలవెలబోయేది, చేతులకు మాత్రం బాగా అంటేది. రాజలింగంతో చెప్పి ఆమె మిల్లు రంగు తెప్పించింది. రాణి గులాబీ, ఫిరోజీ నీలం, తోతా పచ్చ. చీర మీద ఎలా మెరుస్తాయో పూలమీదా అలాగే మెరిశాయి. ఆ ఏడు గల్లీ అంతా ఆమె బతుకమ్మను చూడటానికి వచ్చింది. తర్వాతి ఏడు నుంచి ఇంటింటా అదే. తను బాగున్నన్నాళ్లూ ఏటా అందరి పూలూ ఆమే ముంచి ఇచ్చేది, ఒట్టి చేతులతో.

"తెచ్చింది నేనే," అంది. "ఇప్పుడు నేనే వద్దంటున్న. గునుగు తెల్లగనే ఉండనియ్యిర్రి."

"తెల్ల బతుకమ్మనా? పండుగో చావో తెల్వదు చూసెటోళ్లకు. సగం పూలు ముంచినం గూడ."

"ముంచుకుంటె ముంచుకోర్రి. నేను రాను, అంతే. స్పీకరు పెట్టుకోర్రి."

కోపం లేకుండానే చెప్పి కిటికీ మూసింది. ఆ సాయంత్రం బయట చాలాసేపు మాటలు వినిపించాయి, ఏం తేల్చారో తెలియలేదు.

మర్నాడు సాయంత్రం ఐలమ్మ వచ్చి తలుపు కొట్టింది. జుట్టు పాపిడి దగ్గర అర అంగుళం తెల్లగా ఉంది.

"తొమ్మిది తెల్లయి, ఐదు రంగుయి," అంది. "బంతిపూలు ఎక్కువ పెట్టినం, పసుపు చల్లినం, చావు లెక్కేం లేవు. రంగుయి ఆ కొసకు పెట్టిచ్చిన. గాలి ఇటు నుంచి అటు పోతుంది, చూసుకున్న. నువ్వు ఈ మెట్ల మీద నిలవడు. అందరు నా నెత్తి చూసి పదో తెల్ల బతుకమ్మ అంటున్నరు, అది గూడ పడ్డ."

భాగ్యలక్ష్మి తడిగుడ్డ చేతిలో పట్టుకుని మెట్ల మీదికి వచ్చింది. పక్క మైదానంలో గర్బా మైకు సరిచేసుకుంటున్నారు. ఆమె ఎత్తుకుంది. మొదటి చరణం బొంగురుగా వచ్చింది. ఆడవాళ్లు అందుకున్నారు. ముసలివాళ్లు వెనకబడితే ఆమె ఆగింది, చేరాక మళ్లీ ఎత్తుకుంది.

నాలుగు పాటలు నడిచాయి. ఐదో పాట మధ్యలో గర్బాకు వెళ్లే ఆడపిల్లల గుంపు ఒకటి సెంట్లు గుబాళిస్తూ గల్లీలోంచి పోయింది. భాగ్యలక్ష్మి, మీరు కానియ్యండన్నట్టు చెయ్యెత్తి చూపించి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. వలయం ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఐలమ్మ తనకు వచ్చినట్టు ఎత్తుకుంది. స్పీకరు ఎవరూ తీయలేదు.

బతుకమ్మలను నీళ్లలో వదలడానికి అందరూ కాలువకు వెళ్లారు. భాగ్యలక్ష్మి వెళ్లలేదు. కాలువ వాసన ఆమే కాదు, ఎవరూ భరించలేరు. తిరిగొచ్చాక ఐలమ్మ స్టీలు డబ్బా గడప మీద పెట్టింది.

"మలీద. ఇలాచి వెయ్యలే."

భాగ్యలక్ష్మి మూత తీసి, ముందు దూరం నుంచే వాసన చూసింది. బెల్లం, రొట్టె. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఐదో పాటల రెండు చరణాలు మింగినవక్కా."

"వస్తే గద పాడేది. రేపొచ్చి నేర్పు."

"నువ్వే రా. కుంకుడుకాయతోటి తలస్నానం చేసిరా."