రజిత క్యాలెండర్‌లో తగ్గుతూ వచ్చిన అంకెలు

2022 ఎండాకాలం. జనగామ జిల్లా బచ్చన్నపేట వైపు ఒక పల్లె దవాఖానలో నేను స్టాఫ్ నర్సుని. అప్పటికి సర్వీసు పందొమ్మిదేళ్లు. గోడ గడియారం చూస్తూ నిమిషం నిండా నాడి లెక్కపెట్టడం నా పద్ధతి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

రజిత ఆ రోజుల్లో వచ్చింది. కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతోంది. వయసు లెక్కన అదే ఆఖరి అవకాశం. రాతపరీక్ష అంటే భయం లేదు, ఎనిమిది వందల మీటర్ల పరుగు దగ్గరే ఆగిపోతోంది.

“సిస్టరమ్మా, రెండు రౌండ్లు ఉరికేసరికే గుండె గొంతులకొస్తుంది. నాకేమన్న రోగమున్నదా?”

మా డాక్టరు గారు ఈసీజీ తీయించి, రక్తం చూసి, రోగమేమీ లేదన్నారు. సంగతేమిటంటే, ఆ పిల్ల రోజూ ప్రాణం పెట్టి పరిగెత్తి, రెండో రౌండులో కూలబడేది. నా క్వార్టరు బడి గ్రౌండు పక్కనే. ఆదివారం పొద్దున్నే రమ్మన్నాను. నా వాచీ చూస్తూ నాలుగు రౌండ్లు నెమ్మదిగానే తిప్పించి, ఆగగానే నాడి పట్టుకున్నాను. పరుగు ఆపాక నాడి త్వరగా దిగిపోతుంది కాబట్టి అక్కడ మాత్రం పదిహేను సెకన్ల లెక్కకు ఒప్పుకోక తప్పలేదు. నూట ఎనభై నాలుగు.

“మాట్లాడుకుంట ఉరుకగలిగినంత మెల్లగ ఉరుకు,” అన్నాను.

“మెల్లగ ఉరికితే నౌకరి ఎవలిస్తరు?” అని నవ్వింది.

అయినా మాట విన్నది. పొద్దున మంచం దిగకముందే నాడి లెక్కపెట్టుకోవడం నేర్పాను. దాన్ని రెస్టింగ్ పల్స్ అంటారు, అంటే ఒళ్లు కదలక ముందరి నాడి. ఆ అంకెను ఇంట్లో గోడ క్యాలెండర్‌లో తేదీ కింద రాయమన్నాను. ఆదివారాలు మాత్రం అవే నాలుగు రౌండ్లు, అదే సమయంలో, నా ముందు.

ఎండాకాలంలో పొద్దుటి అంకె డెబ్బై ఎనిమిది. పత్తి ఏరే రోజులకు యాభై ఆరయింది. గ్రౌండులో నూట ఎనభై నాలుగు కాస్తా నూట యాభై రెండుకి దిగింది. అవే రౌండ్లు, అదే సమయం. మొదటిసారి ఆ యాభై ఆరును నేనే పట్టి చూసినప్పుడు నా వాచీ గబగబా నడుస్తోందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నాను. అన్నేళ్లలో నా వేళ్ల కింద నాడి అంత నెమ్మదించిందంటే చాలాసార్లు మనిషి పరిస్థితి బాగాలేదనే అర్థం. బలం పెరిగి నెమ్మదించిన గుండెను పట్టుకోవడం నాకదే మొదలు. చెయ్యి వదలబుద్ధి కాలేదు.

తర్వాత రెండు ఆదివారాలు రజిత రాలేదు. పరుగుకు ఇంక ఇరవై రోజులే ఉంది. కోపంగా వాళ్లింటికి వెళ్లాను. తల్లి లచ్చమ్మ వాకిట్లోనే అడ్డం నిలబడింది. ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీ ఒకాయన “నాడి పడిపోయింది” అని రెండు సెలైన్లు ఎక్కించి, పరుగు మాన్పించాడట. లచ్చమ్మేమో రజిత పరుగు బూట్లను పత్తి కుక్కిన బోరెం సంచిలో దాచేసింది.

“చదువుకున్న బిడ్డ మాట గాదని గాయన మాట వింటవా అక్కా?” అని గొంతు పెంచాను.

ఆమె గోడ మీది క్యాలెండర్ చూపించింది. “గిది జూడు. దినాం తగ్గుతనే ఉన్నది. దీని నాయిన పెద్ద దవాఖానల ఉన్నప్పుడు మిషన్ మీద అంకె గిట్లనే తగ్గుకుంట తగ్గుకుంట ఆగిపాయె. మళ్లొకసారి సూసుకుంట కూసోనా?”

నా కోపం ఎక్కడిదక్కడే చచ్చిపోయింది. అంకె రాయమన్నాను గానీ అది తగ్గుతుందని, తగ్గితే మంచిదేనని ఆ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తప్పు నాదే.

ఇద్దరినీ దవాఖానకు తీసుకొచ్చాను. నాడి తగ్గడం అన్నిసార్లూ మంచిది కాదు కాబట్టి డాక్టరు గారు మళ్లీ ఈసీజీ తీయించారు. కళ్లు తిరుగుతున్నాయా, ఆయాసం ఉందా అని అడిగారు. గుండె లయ సరిగ్గా ఉందన్నారు. లచ్చమ్మ ఆ కాగితం వంక చూడనైనా లేదు.

అప్పుడు తల్లీబిడ్డలిద్దరినీ ఆవరణ చుట్టూ రెండుసార్లు గబగబా నడిపించాను. తల్లి నాడి నూట ఇరవై, బిడ్డది ఎనభై. లచ్చమ్మ వేళ్లు తీసుకుని రజిత మణికట్టు మీద పెట్టాను.

“మెల్లగున్నది గని గట్టిగ కొడుతుంది సిస్టరమ్మా.” వేళ్లు తియ్యకుండానే మళ్లీ అంది. “బోరింగు నేను కొడితె ఇరవై దెబ్బలకు బిందె నిండుతది. ఇది కొడితె పదికే నిండుతది. గంతేనా?”

“గంతే అక్కా.”

నేను చదివిన పుస్తకాల్లో ఇంతకంటే తేటగా ఎక్కడా లేదు. లచ్చమ్మ ఇంటికెళ్లి బూట్లు తనే బయటికి తీసి, అంటిన పత్తి దులిపి ఇచ్చిందట.

పరుగు రోజు లచ్చమ్మే ఫోన్ చేసింది. “నెగ్గింది సిస్టరమ్మా. రాంగనె చెయ్యి వట్టుకున్న. గుండె లెక్క అందకుంట ఉరుకుతుంది. జరసేపటికే నెమ్మదిచ్చింది. ఈసారి నాకు భయం కాలే.” ఫోన్ పెట్టేశాక మందుల గదిలోకి వెళ్లి ఏడ్చాను.

రజిత ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో డ్యూటీ చేస్తోంది. నాడి గానీ బీపీ గానీ రాసుకోమని ఎవరికి చెప్పినా, ఆ అంకె ఎటు పోతే మంచిదో ముందే ఇంటిల్లిపాదికీ చెబుతున్నాను. అంతకంటే ముందు ఇంకొకటి అడుగుతున్నాను, మీ ఇంట్లో ఎవరినైనా మిషన్ మీది అంకె చూస్తూ పోగొట్టుకున్నారా అని.