నాలుగో ముక్క

మెదక్ చుట్టుపక్కల ఎవరి బోరు మోటారు కాలినా పరశురాం దుకాణానికే మోసుకొస్తారు. ఇరవై ఆరేళ్లుగా అదే పని. మోటారు విప్పగానే ఓసారి వాసన చూసి, ఇది నిన్న కాలిందా, వారం కింద కాలితే దాచిపెట్టి ఇప్పుడు తెచ్చారా అన్నది రైతు మొహం మీదే చెప్పేస్తాడు. అంతటి పనిమంతుడి దగ్గర ఫలానా పరీక్ష పాసయ్యాడని చెప్పే కాగితం ఒక్కటీ లేదు. ఏడో తరగతిలో బడి మానేశాడు. ఐటీఐకి వెళ్తే పదో తరగతి చూపించమన్నారు. అక్కడితో ఆ ముచ్చట ముగిసింది.

రెండువేల పదకొండు ఎండాకాలంలో ఊళ్లోని శిక్షణ కేంద్రం బయట ఓ బోర్డు పెట్టారు. మోటారు మెకానిక్ పనిని నాలుగు ముక్కలు చేశారట. వైండింగు ఒకటి, పంపుసెట్టు బిగింపు ఒకటి, స్టార్టరు ఒకటి, భద్రత ఒకటి. ముక్కకో పరీక్ష. ఏది ముందు ఇచ్చినా ఫరవాలేదు, చదువు అడగరు, చేసి చూపిస్తే చాలు. పాసైన ముక్క ఎప్పటికీ పాసే. నాలుగూ అయితే పూర్తి సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు మున్సిపాలిటీ పంపుహౌసులో ఆపరేటరు ఉద్యోగం ఉంది. పరశురాంకు నలభై అయిదేళ్లు, మోకాళ్లు బావుల్లోకి దిగనంటున్నాయి. ఆ ఉద్యోగం అతనికి కావాలి. దరఖాస్తుకు నవంబరు ఆఖరు గడువు.

కానీ ఉద్యోగం మాట అటుంచి, అతన్ని వేరే పురుగు తొలిచింది. ఒకటే పనిని నాలుగుగా కోశారంటే కత్తి ఎక్కడెక్కడ పెట్టినట్టు? కోసినవాడు ఎన్నడైనా మోటారు విప్పాడా? రాత్రి జొన్నరొట్టె తింటూ భార్య యాదలక్ష్మిని కదిలించాడు.

"నీ రొట్టె పనిని ఎన్ని ముక్కలు జెయ్యొచ్చే?"

"తినెటోని ఆకలిని బట్టి."

"గది గాదు. పిండి పిసుకుడు ఒకటి, కొట్టుడు ఒకటి, కాల్చుడు ఒకటి. ఒక్కోదానికి ఒక్కో పరీక్ష వెడ్తే?"

"నీళ్లు కాగవెట్టుడు మర్శినవ్. అండ్లనే ఫేలైనవ్ పో," అంది ఆమె, రెండో రొట్టె వేస్తూ.

ఆగస్టు కల్లా మూడు ముక్కలు అవలీలగా పాసయ్యాడు. భద్రత అంటే చిన్నపిల్లల పాఠం అనుకుని దాన్ని చివరికి ఉంచాడు. సెప్టెంబరు మొదటి వారంలో ఆ పరీక్ష పెట్టడానికి హైదరాబాద్ నుంచి దేవిక అనే అమ్మాయి వచ్చింది. ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు. గోడకు బిగించిన పలక మీది వైరు చూపించి, "ఇందులో కరెంటు ఉందో లేదో చూసి చెప్పండి," అంది.

పరశురాం కుడిచెయ్యి తిరగేసి, నడిమివేలి వెనక వైపుతో వైరును టక్కున తాకాడు.

"ఉన్నది మేడం."

దేవిక కుర్చీలోంచి ఎగిరి లేచి మెయిన్ స్విచ్చి కట్టేసింది.

"జేబులో టెస్టరు ఉంది కదండీ, ఎందుకు వాడలేదు?"

"గది స్క్రూలు తిప్పెతందుకు మేడం."

వేళాకోళం కాదు. దానిలోని బల్బు పోయి ఏళ్లయింది. అసలు టెస్టరుకు ఇంకో ఉపయోగం ఉన్నట్టు అతను మరిచేపోయాడు.

"మరి నేను జెప్పింది కరెక్టే గద?"

"కరెక్టే. అయినా ఫెయిల్," అంది దేవిక. తర్వాత కాస్త మెత్తబడి, "చేతి వెనక వైపే ఎందుకు?" అని అడిగింది.

పరశురాం గర్వంగా చెప్పాడు. "అరచేత్తో ముడితే వేళ్లు వైరును పట్టుకుంటయి, ఇడువయి. ఎనకదిక్కు ముడితే చెయ్యి మన దిక్కే గుంజుకుంటది. మా ఉస్తాద్ నేర్పిన విద్య."

"మీ ఉస్తాద్‌కు ఎవరు నేర్పారు?"

ఆ ప్రశ్న అతనికి ఇరవై ఆరేళ్లలో ఎన్నడూ తట్టలేదు. ఫెయిలైన అవమానం కంటే అదే ఎక్కువ సలిపింది.

పదిహేను రోజుల్లో మళ్లీ పరీక్ష అన్నారు. ఇంతలో సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి, పరీక్ష ఎప్పుడో చెప్పేవాడు లేడు. పాసైన మూడు ముక్కలూ భద్రంగానే ఉన్నాయి, నాలుగోది మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఒకరోజు టీవీఎస్ బండి తీసి, కౌడిపల్లిలో ఉంటున్న ఉస్తాద్ గాలయ్య దగ్గరికి బయల్దేరాడు. దారిలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నవాళ్లు బండి ఆపి, తినందే కదలనివ్వలేదు. జై తెలంగాణ అని, నాలుగు ముద్దలు తిని ముందుకు సాగాడు.

గాలయ్యకు డెబ్బై దాటాయి. గొర్ల కొట్టం పక్కన మంచం మీద చాయ తాగుతున్నాడు. పరశురాం సంగతంతా చెప్పి అడిగాడు.

"నీకెవలు నేర్పిండ్రు ఉస్తాద్ ఇది?"

"ఎవలు నేర్పలే రా. రైసుమిల్లుల ముప్ఫై మోటార్లు, ఒక్కటే టెస్టరు. గది సేటు జేబుల ఉంటుండె. అడిగితే పోగొడ్తరు అనెటోడు. నా జోడిగాడు యోసేపు ఫస్టు గిట్ల చెయ్యి మలిపి ముట్టిండు. ఆన్ని జూసి నేను నేర్సుకున్న."

"యోసేపు ఏడున్నడు ఇప్పుడు?"

గాలయ్య చాయగ్లాసు కింద పెట్టాడు. "ఓ వానకాలం మిల్లుల నీళ్లు జేరినయి. గట్లనే ముట్టిండు. ఇగ లేవలే."

"మరి నాకు విద్య అని జెప్పితివి గద!"

"ఏమనాలె రా? మాకు టెస్టరు గూడ ఇయ్యరని నీకు జెప్పాల్నా? సిగ్గయ్యింది. విద్య అన్న."

పరశురాంకు ఒళ్లు మండిపోయింది. ముసలాయన్ని కడిగేద్దామనుకున్నాడు. కానీ ఆయన తలెత్తడం లేదు. లేచి దండం పెట్టి వచ్చేశాడు. దారి పొడుగునా వేళ్లు మడుస్తూ లెక్కపెట్టుకున్నాడు. ఇదే విద్యను, ఇవే మాటలతో, తను పదకొండు మందికి నేర్పాడు.

సమ్మె ముగిశాక నవంబరు మొదట్లో దేవిక మళ్లీ వచ్చింది. పది నిమిషాల్లో పరీక్ష అయిపోయింది. పాస్.

"మీ ఉస్తాద్‌ను అడిగారా?"

"అడిగిన మేడం," అన్నాడు.

పంపుహౌసు ఉద్యోగం జనవరిలో వచ్చింది లెండి. దరఖాస్తు ఇచ్చిన రోజున మాత్రం అతను ఇంటికి పోలేదు, నేరుగా నర్సాపూర్ వెళ్లాడు. అక్కడ రత్నాకర్ అని, తన దగ్గర పని నేర్చుకున్న మొదటివాడు, సొంతంగా మోటార్ల దుకాణం నడుపుతున్నాడు. పరశురాం లోపలికి అడుగు పెట్టేసరికి అతను స్టార్టరు పెట్టె తెరిచి, చెయ్యి తిరగేసి చాపుతున్నాడు.

"ఆగు రా!"

రత్నాకర్ ఉలిక్కిపడి చూశాడు. "ఏమైంది ఉస్తాద్?"

"గది విద్య గాదురా. మా ఉస్తాదోళ్లకు టెస్టరు ఇచ్చెటోడు లేక గట్ల ముట్టిండ్రు. గట్ల ముట్టే ఒకాయన సచ్చిపోయిండు. నీకు తప్పు నేర్పిన. ఇగ బంజెయ్."

రత్నాకర్ నవ్వబోయాడు. ఉస్తాద్ కళ్లల్లో నీళ్లు చూసి ఆగిపోయాడు. స్టార్టరు పెట్టె మూత పెట్టేశాడు.

"నేను గూడ తొమ్మిది మందికి నేర్పిన ఉస్తాద్," అన్నాడు. దుకాణం షట్టరు దించి, పరశురాం వెనకాల బండెక్కాడు. ఆ తొమ్మిది మందిలో మొదటివాడి దుకాణం తూప్రాన్‌లో ఉంది.